అంతర్వేది తీరాన కాలినడక: తిథి చూసుకుని బయలుదేరే పద్ధతి

అంతర్వేది వెళ్ళేవారిలో ఎక్కువమంది లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని, సముద్రంలో మూడు మునకలు వేసి, ఎండ ముదరకముందే తిరుగు ప్రయాణం కడతారు. ఆ తీరాన రెండు మూడు గంటలు తీరికగా నడవాలనుకునేవారి కోసం రాస్తున్న వివరాలివి. ఇక్కడి నడకకు ప్రత్యేకమైన బాట అంటూ లేదు. ఉన్నదల్లా సముద్రం రోజుకు రెండుసార్లు పరిచి, రెండుసార్లు చుట్టిపెట్టే తడి ఇసుక మాత్రమే. అందువల్ల ఏ దారిన వెళ్ళాలన్న ప్రశ్న కన్నా ఏ రోజున, ఏ వేళకు వెళ్ళాలన్నదే ముఖ్యమైన ప్రశ్న. దానికి సమాధానం ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులోనే చాలావరకు దొరుకుతుంది.

సముద్రం పొంగి ఒడ్డుకు రావడాన్ని ఇక్కడివారు పోటు అని, వెనక్కు తీయడాన్ని పాటు అని అంటారు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకు, దాని తరువాతి పోటుకు మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి ఈ రోజు వచ్చిన పోటు రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ ప్రాంతంలో పోటు ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య నిండుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగిలినదంతా వేళ్ళ మీద లెక్కవేసుకోవచ్చు. తిథికి యాభై నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోతే చవితి నాటికి పోటు మధ్యాహ్నం పన్నెండుకు కాస్త అటూ ఇటూగా చేరుతుంది. అంటే దానికి ఆరు గంటల ముందు, తెల్లవారుజామున అయిదున్నర ఆరు గంటల వేళ, సముద్రం బాగా వెనక్కు తీసి ఉంటుంది. పంచమి, షష్ఠి రోజుల్లో ఆ వేళ ఏడు దాకా జరుగుతుంది. శుక్లపక్షమైనా కృష్ణపక్షమైనా లెక్క ఒకటే.

కనుక ఉదయపు నడకకు చవితి, పంచమి, షష్ఠి తిథులు మేలైనవి. సూర్యోదయానికి తీరం చేరితే గట్టిపడిన తడి ఇసుక వెడల్పుగా పరచుకుని ఉంటుంది. దాని మీద నడక తారు రోడ్డు మీద నడిచినంత సులువు. పాదం అర అంగుళం కూడా దిగదు. అదే పౌర్ణమి నాటి ఉదయం ఆరింటికి వెళితే, పోటు ఇంకా రెండు మూడు గంటలు ఎక్కుతూనే ఉంటుంది కనుక నీరు మిమ్మల్ని పైనున్న పొడి ఇసుకలోకి తోస్తుంది. పొడి ఇసుకలో నడిస్తే తడి ఇసుకలో నడిచినదాని కన్నా ఎంతో ఎక్కువ అలసట కలుగుతుంది. పుణ్యస్నానానికి పౌర్ణమి మంచిదే కావచ్చు, నడకకు మాత్రం కాదు. సాయంత్రం నడవాలనుకునేవారు విదియ, తదియ, చవితి రోజులు ఎంచుకుంటే పాటు నాలుగు నుంచి ఆరు గంటల మధ్యకు వస్తుంది.

పెద్ద పోటు సరిగ్గా అమావాస్య, పౌర్ణమి నాడే రాదు. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. అష్టమి, నవమి ప్రాంతంలో నీరు పెద్దగా ఎక్కదు, పెద్దగా తగ్గదు కాబట్టి ఆ రోజుల్లో ఇసుక వెడల్పు తక్కువగా ఉన్నా, ప్రమాదం కూడా తక్కువగానే ఉంటుంది. నదీ ముఖం లోపలికి వెళ్ళేకొద్దీ పోటు వేళ కాస్త ఆలస్యమవుతుంది, గాలి బలంగా ఉంటే లెక్క మరికొంత తప్పుతుంది. అందుకే పంచాంగం లెక్క వేసుకున్న తరువాత కూడా ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, "బాబాయ్ గారూ, పాటు ఎప్పుడు మళ్ళుద్దండీ?" అని అడగడం మానవద్దు. ఆయన నీటి వైపు ఒకసారి చూసి చెప్పే "ఇంకో గంటుందండి, ఆయ్" అన్న మాట నా లెక్కల కన్నా నమ్మదగినది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పోటు పాట్ల అంచనాలను, పెద్ద అలల హెచ్చరికలను విడుదల చేస్తుంది. బయలుదేరే ముందు రోజు రాత్రి వాటిని చూసుకోవాలి. ముఖ్యంగా వేసవి నెలల్లో, ఇక్కడ ఆకు కదలని రోజున కూడా, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు వచ్చి ఒడ్డును ముంచిన సందర్భాలు ఉంటాయి.

చేరుకోవడం

అంతర్వేది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా సఖినేటిపల్లి మండలంలో, గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఉంది. రాజమహేంద్రవరం, అమలాపురం వైపు నుంచి వచ్చేవారికి రాజోలు, మలికిపురం మీదుగా రోడ్డు దారి ఉంది. భీమవరం వైపు నుంచి వచ్చేవారు రైలులో నరసాపురం చేరి, మాధవాయిపాలెం రేవులో మనుషులను, బండ్లను నది దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగి, అక్కడ ఆటో పట్టుకోవచ్చు. నాకు రెండో దారి ఇష్టం. మోటారు సైకిళ్ళు, కూరగాయల తట్టలు, బడి పిల్లలు అందరూ ఒకే పంటు మీద నిలబడి నది దాటడంలో ఉన్న తీరిక వంతెన మీద దొరకదు. ఈ మాధవాయిపాలెం పేరే ఒకప్పుడు ఇంగ్లీషు వర్తకుల నోట 'మడపొల్లం'గా మారి, ఇక్కడి నుంచి ఓడలకెక్కిన ఒక రకం నూలు బట్టకు ప్రపంచమంతటా పేరైంది. ఇప్పుడు ఆ రేవులో దానికి గుర్తుగా ఏమీ కనిపించదు.

వరద కాలంలో పంటు ఆపేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా బయలుదేరేవారు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరి నీటిమట్టాన్ని వార్తల్లో చూసుకోవడం మంచిది. అక్కడ మట్టం 11.75 అడుగులకు చేరి, దాదాపు పది లక్షల క్యూసెక్కులు వదిలే స్థితి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వచ్చిన వారంలో నది ముఖం వైపు నడక పెట్టుకోవద్దు. 2022 జూలై వరదలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఆ బ్యారేజీ దాటి వచ్చింది. అంత నీరు వచ్చినప్పుడు నదీ ముఖం దగ్గరి ఇసుక తిన్నెలు రాత్రికి రాత్రి చోటు మారతాయి. నిరుడు నడిచిన చోట ఈ ఏడు నిలువు లోతు నీరు ఉండవచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుఫానుల భయం ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసిన సంగతి ఇక్కడి పెద్దవారిలో ఎవరిని కదిపినా చెబుతారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురానికి సమీపంలోనే తీరం దాటింది. డిసెంబరు చివర నుంచి మార్చి మధ్య వరకు నడకకు అనుకూలమైన కాలం. అయితే ఆ మధ్యలోనే మాఘమాసపు కల్యాణోత్సవాలు వస్తాయి. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం, పౌర్ణమికి సముద్రస్నానాలు జరిగే ఆ రోజుల్లో జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు. ఉత్సవం చూడదలచినవారికి అంతకన్నా మంచి రోజులు లేవు. ప్రశాంతంగా నడవదలచినవారు మాత్రం ఆ వారం మాని, తరువాత వచ్చే బహుళ చవితిని పట్టుకోవాలి.

గుడి నుంచి సంగమానికి

మొదటిసారి వచ్చినవారికి నేను చెప్పే దారి ఇదే. గుడి దగ్గర మొదలుపెట్టి, స్వామి సోదరిగా కొలిచే అశ్వరూఢాంబిక ఆలయం చూసుకుని (ఊళ్ళో గుర్రాలక్క గుడి అంటేనే దారి చెబుతారు), సముద్రం వైపు సాగాలి. ఈ అరగంట నడకను ఆటోలో తొందరగా దాటేయకుండా నేల తీరు గమనిస్తే డెల్టా ఎలా పుట్టిందో కాళ్ళకే తెలుస్తుంది. కాసేపు మెరక, కాసేపు పల్లం, మళ్ళీ మెరక. ఆ మెరకలన్నీ ఒకప్పటి సముద్రపు ఒడ్డులే. నది తెచ్చిన ఇసుకను అలలు గట్టుగా పేర్చాయి, ఆ తరువాత నది దాని ముందు మరో గట్టు కట్టుకుంది. ఇళ్ళు, కొబ్బరి చెట్లు, మంచినీటి బావులు ఇసుక మెరకల మీద ఉంటాయి. ఇసుకలో దిగిన వాననీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ నిలవడమే దానికి కారణం. పల్లాల్లో ఒకప్పుడు వరి, ఇప్పుడు చాలాచోట్ల రొయ్యల చెరువులు కనిపిస్తాయి.

తీరానికి దగ్గరైన కొద్దీ సరుగుడు తోటల హోరు వినిపిస్తుంది. అది అలల చప్పుడని మొదట పొరబడతారు. లైట్‌హౌస్ కనిపించిన తరువాత దాన్ని గుర్తుగా పెట్టుకోండి. ఒడ్డున ఎంత దూరం వెళ్ళినా తిరిగి రావడానికి అదే ఆనవాలు. ఇసుక తిన్నెల మీద పాకే ఊదారంగు పూల బాలబంద తీగను, గుండ్రటి ముళ్ళ బంతుల్లాంటి కాయగుత్తులు గాలికి దొర్లిపోయే రావణాసురుడి మీసాలనే గడ్డిని తొక్కకుండా, ఇప్పటికే ఉన్న కాలిబాటలోనే దిగాలి. ఇసుకను పట్టి నిలిపేవి ఆ మొక్కలే.

ఒడ్డు చేరాక కుడివైపు, అంటే పడమరకు తిరిగితే నదీ సంగమం. ఉదయం ఈ దిక్కున నడిస్తే ఎండ వీపు మీద పడుతుంది. వేసవిలో నైరుతి నుంచి వీచే గాలికి ఎదురుగా వెళ్ళి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు గాలి వెన్ను తట్టి నడిపిస్తుంది. దారి పొడుగునా ఎర్ర పీతలు మన అడుగుల చప్పుడుకు బొరియల్లోకి జారిపోతాయి. కాసేపు కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే బయటికి వచ్చి, మట్టి ఉండలు చేసి పడేసే పని మళ్ళీ మొదలుపెడతాయి.

సంగమం దగ్గరి ఇసుక గట్టును అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. పాటు వేళ అక్కడ నిలబడితే ఒకవైపు గోధుమ రంగు నది, మరోవైపు నీలి సముద్రం, మధ్యలో నురుగు గీత కనిపిస్తాయి. చూడవలసిన దృశ్యమే. కానీ స్నానానికి దిగకూడని చోటు కూడా అదే. పాటు సమయంలో వెనక్కు పోయే సముద్రపు నీటికి నది ప్రవాహం తోడై, పై నుంచి నిశ్చలంగా కనిపించే నీరు అడుగున బలంగా లాగుతూ ఉంటుంది. ఈత వచ్చినవారిని కూడా అది సాగనివ్వదు. నది వైపు అంచున ఇసుక నిట్టనిలువుగా తెగి ఉంటే, కింద నీరు కోసేస్తోందని అర్థం. ఆ అంచుకు అయిదారు అడుగుల ఇవతలే ఆగాలి. బూడిదరంగు బురద మెరుస్తున్న చోట అడుగు వేసేముందు కర్రతో పొడిచి చూడాలి. పైకి పలకలా ఉండి లోపల మోకాలి లోతు రొంపి ఉండే తావులు అక్కడ చాలా ఉన్నాయి.

సమయం లెక్క ఇలా వేసుకోవాలి. నీరు బాగా తగ్గే వేళకు గంటన్నర ముందు బయలుదేరి, సరిగ్గా ఆ వేళకు ఎక్కడ ఉన్నా అక్కడి నుంచి వెనక్కు తిరగాలి. ఇంకో మలుపు చూసి వద్దామన్న కోరిక ఎంత బలంగా ఉన్నా సరే.

ఈ నియమాన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. కొన్నేళ్ళ కిందట తూర్పు దిక్కున కేశవదాసుపాలెం వైపు నడుస్తూ, ఒడ్డును కోసుకుంటూ సముద్రంలో కలిసే ఒక మురుగు కాలువ దాటాను. అప్పుడు అందులో పాదం తడిసేంత నీరే ఉంది. గవ్వలు ఏరుకుంటూ, ఎండ చల్లగానే ఉందని మురిసిపోతూ గంటన్నర ముందుకు పోయి తిరిగి వచ్చేసరికి, అదే కాలువ నా ఛాతీ దాకా వచ్చి, సముద్రం నుంచి ఊరి వైపు వేగంగా పారుతోంది. దాటే ధైర్యం చాలలేదు. చేతిలో సీసా ఖాళీ. సరుగుడు చెట్ల కింద కూర్చున్నాను. ఎండు చేపలు తిరగేయడానికి వచ్చిన ఒక అవ్వ నన్ను చూసి, "అటు తిరిగి డ్రైను గట్టు మీద పోతే వంతెన వస్తాది బాబూ, లేదా పాటు దాకా కూకో" అని చెప్పి, తన చెంబులో నీళ్ళు పోసింది. వంతెన ఎంత దూరమని అడిగితే నవ్వింది. నేను కూర్చుండిపోయాను. నీరు మోకాలి కిందికి దిగేసరికి పొద్దు వాలింది, ఆ రోజు చివరి పంటు కూడా దాటిపోయింది.

తూర్పు దిక్కున నడిచేవారికి అందుకే ఒక జాగ్రత్త అదనంగా చెప్పాలి. అంతర్వేదికర, కేశవదాసుపాలెం వైపు ఒడ్డు తిన్నగా, జనం లేకుండా ఉంటుంది. నాకు సంగమం కన్నా ఈ దిక్కే ఎక్కువ నచ్చుతుంది. కానీ దారిలో మురుగు కాలువలు సముద్రంలో కలిసే మొగలు వస్తాయి. మొగ ఎదురైనప్పుడు నీటి మీద ఒక ఎండు పుల్ల వేసి చూడండి. పుల్ల సముద్రం వైపు పోతే ఇంకా పాటు నడుస్తోంది, నెమ్మదిగా దాటవచ్చు. కదలక నిలిచినా, ఊరి వైపు మళ్ళినా పోటు మొదలైందని తెలుసుకుని అక్కడికే నడక ముగించాలి. ఈ మొగల గుండా ఎదురెక్కే ఉప్పునీటి వల్లనే ఈ చుట్టుపక్కల, శంకరగుప్తం డ్రైను పొడవునా, కొబ్బరి చెట్లు మొవ్వు వాడి మోడులైపోతున్నాయి. తల లేని కొబ్బరి చెట్ల వరుస కనిపిస్తే అక్కడి నేలలోకి సముద్రం ఎంత దూరం వచ్చిందో కొలత దొరికినట్టే.

నది అవతలి ఒడ్డున, మొగల్తూరు మండలంలోని పేరుపాలెం బీచ్ పేరున్నదే గాని, ఆదివారాలు, కార్తీక వనభోజనాల రోజుల్లో అక్కడ నడవడానికి చోటుండదు. వారం మధ్యలో తెల్లవారుజామున మాత్రం వెళ్ళదగినదే. అక్కడి నుంచి తూర్పుగా పెదమైనవానిలంక వైపు చూస్తే సముద్రం ఒడ్డును ఎలా కోసుకుపోతోందో కళ్ళకు కడుతుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత, ఆపై ఎగువన కట్టిన జలాశయాల వల్ల, నది మోసుకొచ్చే ఒండ్రు, ఇసుక తగ్గాయి. పెరగవలసిన డెల్టా అంచు కొన్నిచోట్ల తరగడానికి అది ఒక ముఖ్య కారణం.

ఒడ్డున మసలుకునే తీరు

ఈ తీరం మనకు విహారస్థలమే గాని, ఇక్కడివారికి పని చేసుకునే చోటు. అలివి వల లాగేటప్పుడు రెండు జట్లు దూరదూరంగా నిలబడి తాళ్ళు పట్టుకుని వెనక్కు నడుస్తుంటాయి. ఆ తాళ్ళను దాటి పోకూడదు. వెనుక నుంచి చుట్టి వెళ్ళాలి. వల ఒడ్డుకు చేరాక చూడటానికి అభ్యంతరం ఉండదు. ఫోటో తీయాలనుకుంటే ముందు అడగాలి. అన్నా, అక్కా, బాబాయ్ గారూ అని పిలిచి అడిగితే ఎవరూ కాదనరు. వలలోంచి ఇసుక మీదకు విసిరేసిన వాటిని ముట్టుకోవద్దు. వాటిలో సముద్రపు పాములు, జెల్లీ చేపలు, తోక మీద ముల్లుండే టేకు చేపలు ఉంటాయి. చీలమండల లోతు నీటిలో నడవాలనిపిస్తే పాదాలను ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ నడవాలి. ఆ అలికిడికి ఇసుకలో ఒదిగి ఉన్న టేకు పక్కకు తప్పుకుంటుంది. నెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు వంటి చేపలు ఆరబోసిన చోట వాటి మధ్యగా నడవడం అన్నం కంచం దాటడంతో సమానం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉండి, వాటి మరమ్మతులు, వలల అల్లకం దగ్గర నుంచి చూడవచ్చు. తీరిక ఉండటం వల్ల మాట్లాడేవారు కూడా ఎక్కువమంది దొరుకుతారు. అయితే ఆ ఎండల్లో నడక తొమ్మిదింటికల్లా ముగించాలి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. తెల్లవారుజామున ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక చార నీటి నుంచి పైకి, మరొక చార తిరిగి నీటిలోకి కనిపిస్తే అది తాబేలు వచ్చిపోయిన దారి. ఆ చార చివర ఇసుకను తవ్వి చూడవద్దు. అక్కడ వంద దాకా గుడ్లు ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లను కదిలించడమూ నేరమే. చీకటి ఉండగా బయలుదేరేవారు టార్చిలైటు ఆర్పి నడవాలి. అప్పుడే పుట్టిన పిల్లలు వెలుగున్న వైపే సముద్రమనుకుని దారి తప్పుతాయి.

వెంట ఉండవలసినవి పెద్దగా లేవు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, తలపాగా కట్టుకోవడానికి పనికొచ్చే ఒక తువ్వాలు, ఛాతీ ఎత్తు కర్ర, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోను చాలు. చెప్పులు చేత పట్టుకుని తడి ఇసుక మీద వట్టి కాళ్ళతో నడవవచ్చు గాని, పడవలు నిలిపే చోట గాలాలు, తెగిన వల ముక్కలు, విరిగిన ఆల్చిప్పలు ఉంటాయి కాబట్టి అక్కడ తొడుక్కోవాలి. ఒడ్డున దుకాణాలు ఉండవు. మరుగుదొడ్డి సౌకర్యం గుడి దగ్గరే కాబట్టి ఆడవారు, పెద్దవారు ఆ ఏర్పాటు చూసుకుని దిగడం మంచిది. ఎవరైనా నీటిలో చిక్కుకుంటే వెంటనే తాము దూకకుండా, దగ్గరలోని పడవవారిని కేకేసి, 108కి గాని 112కి గాని ఫోను చేయాలి.

తిరుగు ప్రయాణానికి పంటు మీద ఆధారపడేవారు ఉదయం దిగేటప్పుడే ఆ రోజు చివరి పంటు ఎన్ని గంటలకో రేవులో అడిగి తెలుసుకోవాలి. అది తప్పితే మలికిపురం మీదుగా దిండి చేరి, చించినాడ వంతెన దాటి చుట్టుతిరిగి రావాలి. చీకటి పడ్డాక ఆ దారికి ఆటో దొరకడం కష్టం, దొరికినా అతను అడిగినంత ఇవ్వవలసిందే.